ముక్కు మార్చుకునేవాళ్ళకి సిస్టరమ్మ చెప్పే మాటలు

వారానికి ఆరుగురో ఏడుగురో వస్తారు. పంతొమ్మిదేళ్ళుగా వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతి మనిషినీ మూడో నంబరు గదిలో కూర్చోబెట్టి, అవే మాటలు అదే వరసలో చెప్పడం సిస్టరమ్మ పని. చెప్పీ చెప్పీ ఆమె నోరు అరిగిపోయింది. ఈమధ్యయితే మాటలు వాటంతట అవే బయటికి వెళ్ళిపోతుంటే, ఆమె పక్కన కూర్చుని వింటున్నట్టుగా ఉంటోంది.

ఆ ఆస్పత్రి పెద్దదేమీ కాదు. మందుల షాపు పైన రెండో అంతస్తులో ఐదు గదులు. ముక్కులు సరిచేసే డాక్టరు గారు ఒకరు, ఆపరేషన్ రోజుల్లో వచ్చి మత్తు ఇచ్చే డాక్టరమ్మ ఒకరు, ఫోను ఎత్తే అమ్మాయి ఒకతె, వీళ్ళందరి మధ్యా సిస్టరమ్మ. డాక్టరు గారి చెయ్యి చాలా మంచిది. నోరు మాత్రం తాళం వేసిన బీరువా. పేషెంటు ఎదురుగా కూర్చుంటే ఆయన ముక్కుని చూస్తాడు, పెన్సిల్‌తో కాగితం మీద గీస్తాడు, 'ఊఁ' అంటాడు. ముక్కు వెనకాల ఒక మనిషి కూడా ఉంటాడన్న సంగతి ఆయనకి గుర్తు చెయ్యాలి.

ఆ సంగతి ఆయనకీ తెలుసు పాపం. సిస్టరమ్మ చేరిన ఏడాదే పని పంచేశాడు.

"కొయ్యడం నాది, చెప్పడం మీది సిస్టర్. మీరు చెప్పాలి, వాళ్ళు మీకు తిరిగి చెప్పాలి. అప్పుడు ఫైల్లో మీ సంతకం. ఆ సంతకం లేకుండా నేను కత్తి ముట్టుకోను."

అన్నట్టుగానే ముట్టుకోలేదు. ఒకసారి ఆయన సొంత మేనల్లుడికే సిస్టరమ్మ సంతకం పెట్టకపోతే, ఆయన అక్క ఫోన్ చేసి శాపనార్థాలు పెట్టినా ఆయన కదల్లేదు. అప్పటినుంచీ ఆస్పత్రిలో ఆమెని చాటుగా ముక్కుసూటమ్మ అంటారు. ఆమెకి తెలుసు. వినపడనట్టు నటించడం కూడా ఉద్యోగంలో భాగమే అనుకుంటుంది.

ఇంతకీ ఆమె చెప్పేదేమిటంటే, ఎవరూ వినడానికి ఇష్టపడని సంగతులు. సినిమా హీరోయిన్ ఫొటో పట్టుకొచ్చి, బట్టల షాపులో బొమ్మకి తొడిగిన గౌను చూపించినట్టు "నాకిలా కావాలి" అంటారు కదా, వాళ్ళకి చెప్తుంది.

"ఆ పిల్ల ముక్కు ఆ పిల్ల మొహానికి కుదిరింది. మీ ఎముక వేరు, మీ చర్మం మందం వేరు. ఉన్నదాన్ని డాక్టరు గారు సరిచేస్తారంతే. కొత్తది తెచ్చి అతికించరు."

ఇంకొకాయన వస్తాడు, పది రోజుల్లో పెళ్ళి ఉంది, ఆలోపు అయిపోతుందా అంటూ. పెళ్ళి ఆయనదే.

"అయిపోతుంది బాబూ. కళ్ళ కింద నల్లగా కమిలి, మొహం ఉబ్బి, పీటల మీద పెళ్ళికూతురు చితక్కొట్టినట్టుంటారు. ఫొటోలు బాగా వస్తాయి."

సిగరెట్లు మానేశానంటాడు మరొకాయన. ఎప్పుడు మానేశారంటే నిన్ననే అంటాడు. నిన్న కాదు, మెట్లెక్కే ముందు చివరి దమ్ము పీల్చి వచ్చాడని ఆ గదిలో గోడలకి కూడా తెలుస్తుంది. పొగతాగే వాళ్ళకి చర్మానికి రక్తం సరిగ్గా అందదనీ, గాయం మానక తోలు నల్లబడి ఊడిపోవచ్చనీ, ముందు కొన్ని వారాలూ తరవాత కొన్ని వారాలూ తాగకూడదనీ ఆమె విడమరిచి చెప్తే, అంతా విని "ఒక్కటి కూడానా సిస్టరమ్మా?" అంటాడు. ఇలాంటప్పుడు ఆమెకి కుర్చీలోనే నిద్రపోవాలనిపిస్తుంది.

మందుల సంగతి మరీ అన్యాయం. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే అందరూ లేదనే అంటారు. తలనొప్పి బిళ్ళలు రోజుకి రెండు మింగే ఆవిడ కూడా లేదనే అంటుంది, ఎందుకంటే అది ఆవిడ లెక్కలో మందు కాదు. కొన్ని నొప్పి బిళ్ళలు రక్తాన్ని పల్చబరుస్తాయి, ఎవరో ఇచ్చిన పొడులూ కషాయాలూ కూడా ఆ పని చెయ్యొచ్చు, ఆపరేషన్ బల్ల మీద రక్తం ఆగకపోతే ఇబ్బంది పడేది మీరే, అని ఆమె ఒక్కొక్క బిళ్ళా పేరు పెట్టి అడుగుతుంది. అలా అడిగితే తప్ప నిజం బయటపడదు. చెప్పకుండా వేసుకోవద్దు, చెప్పకుండా మానెయ్యనూ వద్దు, అంటుంది.

ఆ తరవాత ఊపిరి సంగతి. ముక్కు ఉన్నది ముందు గాలి పీల్చడానికి. లోపలి గోడ వంకరగా ఉంటే ఆ సంగతి ఇప్పుడే డాక్టరుగారికి చెప్పాలి. పైకి నాజూకుగా చేయించుకుని, లోపల గాలాడక జీవితాంతం నోటితో పీల్చుకుంటూ బతికేవాళ్ళని ఆమె చూసింది. వేరే చోట చేయించుకుని ఏడుస్తూ ఇక్కడికొచ్చినవాళ్ళు.

అన్నిటికంటే కష్టమైన మాట ఏడాది. వారం రోజులు కట్టు, రెండు వారాలు కమిలిన మచ్చలు, ముక్కు కొస నెలల తరబడి మొద్దుబారి ఉండటం, కొన్నాళ్ళు నవ్వితే పై పెదవి బిగుసుకున్నట్టుండటం, ఇవన్నీ తలూపుతూ వింటారు. "అసలు ఆకారం తేలడానికి ఏడాది పడుతుంది, వాపు అంత నెమ్మదిగా తగ్గుతుంది" అనేసరికి మొహాలు వాడిపోతాయి. పదిమందిలో ఒకరికి మళ్ళీ చెయ్యాల్సి రావచ్చు అంటే, ప్రతివాళ్ళూ ఆ ఒక్కరూ పక్క కుర్చీలో ఉన్నారన్నట్టు పక్కకి చూస్తారు.

ఇవన్నీ తరవాత. అన్నిటికంటే ముందు ఒకటి అడుగుతుంది.

"ఇది ఎవరి కోసం చేయించుకుంటున్నారు?"

అడిగి ఊరుకుంటుంది. మొగుడి కోసమని అన్నా, అత్తగారు వంక పెట్టిందని అన్నా, కాలేజీలో ఎవడో చిలకముక్కు అని పిలిచాడని అన్నా, ఫైలు మూసేస్తుంది. ఆరు నెలలు ఆగి రండి, అప్పటికీ కావాలనిపిస్తే చూద్దాం అంటుంది. ఇంకొకళ్ళ కోసం మార్చుకున్న ముక్కు ఆ ఇంకొకళ్ళకి నచ్చకపోతే తిరిగి పెట్టుకోవడానికి లేదు. ఈ ఒక్క మాటా అలవాటుగా నోట్లోంచి రాదు. ఎంత అలిసిపోయి ఉన్నా ఇది మాత్రం ఆమే చెప్తుంది.

ఇక సిస్టరమ్మ ఇంటి సంగతి. ఇంట్లో ఆమె, ఆమె కూతురు. ఇరవై నాలుగేళ్ళు. కళ్ళద్దాల షాపులో పని. వచ్చినవాళ్ళ ముక్కు వెడల్పు కొలిచి, ఫ్రేము జారకుండా సరిచేసి పెడుతుంది. తల్లీ కూతుళ్ళిద్దరికీ తిండి పెట్టేది పరాయివాళ్ళ ముక్కులేనని వాళ్ళే నవ్వుకునేవాళ్ళు.

కూతురికి తండ్రి ముక్కు వచ్చింది. ఎత్తుగా, మధ్యలో చిన్న గూని, కొస కొంచెం ఎడమకి తిరిగి. ఆయన వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేసేవాడు. నవ్వించేవాడు. "నాకు గొడుగెందుకు? ఈ ముక్కుండగా మూతి తడవదు" అనేవాడు. కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఉదయం పనికి వెళ్ళి, అటునుంచి అటే ఇంకో ఊరికీ ఇంకో ఇంటికీ వెళ్ళిపోయాడు. గొడవేమీ పడలేదు. గొడవైనా పడి ఉంటే సిస్టరమ్మకి తలుచుకుని తిట్టడానికి ఏదో ఒకటి దొరికేది.

ఆయన ఫొటోలు ఆమే తీసేసింది. చొక్కాలు ఎవరికో ఇచ్చేసింది. కూతురి మొహాన్ని ఏం చేస్తుంది? ఆ ముక్కు రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినేది. సిస్టరమ్మ తన కంచంలోకి చూస్తూ తినేది. జడ వేసేటప్పుడు వెనకనించి మాట్లాడేది. పిల్ల ఏదైనా చెప్తుంటే చెవి వైపో, భుజం వైపో చూస్తూ ఊఁ కొట్టేది. పదిహేనేళ్ళలో అదొక ఇంటి పద్ధతి అయిపోయింది. ఆస్పత్రిలో ఊరివాళ్ళందరి ముక్కుల్నీ కళ్ళప్పగించి చూసే మనిషి, ఇంట్లో ఒక్క ముక్కుని చూడలేకపోయేది. ఎవరికీ తెలియదనుకుంది. పిచ్చి మనిషి.

మాటలు మాత్రం బాగానే నడిచేవి. అలిసి ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని, ఆవేళ వచ్చిన పేషెంట్ల కథలన్నీ చెప్పేది. పెళ్ళికొడుకు కథ, సిగరెట్టు కథ, అత్తగారి కోసం వచ్చిన కోడలి కథ, అన్నీ. కూతురు పడీ పడీ నవ్వేది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి తల్లి గొంతు పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని, "ఇది ఎవరి కోసం చేయించుకుంటున్నారు?" అని పక్కింటావిణ్ణి అడిగి ఏడిపించేది. ఏ జవాబుకి ఫైలు మూసుకుంటుందో, ఏ జవాబుకి సంతకం పడుతుందో, ఆ పిల్లకి ఎక్కాల కంటే బాగా కంఠతా వచ్చింది.

ఒక బుధవారం చివరి ఫైలు తెరిచి చూస్తే అందులో కూతురి పేరుంది.

సిస్టరమ్మ ఫైలు మూసి, మళ్ళీ తెరిచింది. డాక్టరు గారు అప్పటికే చూసేశాడు. కాగితం మీద పెన్సిల్‌తో ఆ ముక్కు పక్కనించి గీసి ఉంది, గూని మీద చుక్కలతో ఒక గీత, కోసెయ్యాల్సిన చోట. ఆమె ఆ బొమ్మని చాలాసేపు చూసింది. బొమ్మని చూడ్డానికి అడ్డేమీ లేదు కదా.

డాక్టరు గారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన అంత దూరం నడిచి రావడమే విడ్డూరం.

"మీ అమ్మాయని తరవాత తెలిసింది సిస్టర్. మీకు కష్టమైతే వేరే సిస్టర్‌ని పిలిపిస్తాను. ఈ ఒక్కసారికి."

"ఎందుకండీ? నా పని నేను చేసుకుంటాను."

అదీ ఆమె చేసిన తప్పు. పంతొమ్మిదేళ్ళుగా ఒక పని ఒంటి చేత్తో చేసినవాళ్ళకి, అది ఇంకొకళ్ళ చేతిలో పెట్టడం చేతకాదు. ఆ సాయంత్రం ఊరూ పేరూ తెలియని ఏ నర్సు అడిగినా ఆ పిల్ల ఒక్క క్షణం తడబడేదేమో. ఎదురుగా కూర్చున్నది పాఠం చెప్పిన మనిషే అయితే, తడబడేదెక్కడ?

కూతురు వచ్చి మూడో నంబరు గదిలో పేషెంటు కుర్చీలో కూర్చుంది. షాపు యూనిఫాంలోనే ఉంది.

"ఇంట్లో చెప్పొచ్చు కదే" అంది సిస్టరమ్మ.

"ఇంట్లో చెప్తే నువ్వు అమ్మవి. ఇక్కడైతే సిస్టరమ్మవి. అందరినీ అడిగినట్టే నన్నూ అడుగు."

అడిగింది. ఫైలు వంక చూస్తూనే అడిగింది.

"ఇది ఎవరి కోసం చేయించుకుంటున్నారు?"

"నా కోసమే."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. పెళ్ళి కోసం కాదు, ఉద్యోగం కోసం కాదు. ముక్కు మారితే జీవితం మారిపోతుందని కూడా అనుకోవట్లేదు."

"ఎప్పటినుంచి అనుకుంటున్నారు?"

"పదిహేనేళ్ళ నుంచి."

నిన్నా మొన్నా పుట్టిన కోరికలని నమ్మకూడదు, ఏళ్ళ తరబడి ఉన్నదైతే నమ్మొచ్చు. అది డాక్టరు గారి లెక్క. పదిహేనేళ్ళంటే నిలకడగల జవాబే. ఆ పదిహేనేళ్ళని వెనక్కి లెక్కపెట్టుకుంటే ఎక్కడికి చేరుతుందో సిస్టరమ్మకి తట్టలేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో.

మిగతావన్నీ కూతురు ఆమె అడక్కుండానే చెప్పేసింది. సిగరెట్లు లేవు, బిళ్ళలు లేవు, పొడులు లేవు. ఊపిరికి ఇబ్బంది లేదు. కట్టు వారం, మచ్చలు రెండు వారాలు, ఆకారం ఏడాది. మళ్ళీ చెయ్యాల్సిరావడం పదిమందిలో ఒకరికి. కొన్ని వారాలు కళ్ళద్దాల బరువు ముక్కు మీద పడకూడదు, అది మా షాపులో నేనే అందరికీ చెప్తుంటాను, అని నవ్వింది. ఇంత బాగా అప్పజెప్పిన పేషెంటు ఆ కుర్చీలో ఇంతవరకూ కూర్చోలేదు. మామూలు మనుషులు నత్తినత్తిగా, సిగ్గుపడుతూ, మధ్యలో కళ్ళ నీళ్ళు పెట్టుకుని చెప్తారు. ఇది వేరుగా ఉందని సిస్టరమ్మకి తోచకపోలేదు.

వద్దనాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. ఆ గూనీ, ఆ ఎడమకి తిరిగిన కొసా పోతాయంటే గుండె నీరయిపోయింది. అయితే వద్దనడానికి తన దగ్గరున్న కారణం ఏమిటి? తనకి ఉండాలనిపించడం. అది తన కోరిక, పిల్లది కాదు. ఇంకొకళ్ళ కోసం ముక్కు మార్చుకోకూడదని రోజూ చెప్పే నోటితో, ఇంకొకళ్ళ కోసం ఉంచుకోమని ఎలా చెప్తుంది? ఇంత న్యాయంగా ఆలోచించి, ఇంత తప్పు చేసింది. పైగా వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాల్సి వస్తుంది. దానికి ఆమెకి ఓపిక లేదు, ధైర్యం అసలే లేదు.

సంతకం పెట్టింది.

ఆపరేషన్ రోజు ఆమె లోపలికి వెళ్ళలేదు. వరండాలో బెంచీ మీద, పేషెంట్ల తాలూకు మనుషులు కూర్చునే చోట కూర్చుంది. వాళ్ళు అడిగే పిచ్చి ప్రశ్నలు ఎందుకు అడుగుతారో ఆవేళ అర్థమైంది. ఫోను ఎత్తే అమ్మాయిని రెండుసార్లు తనే అడిగింది, "ఇంకా ఎంతసేపే?" అని. రెండు గంటలు దాటాక డాక్టరు గారు బయటికి వచ్చి, మాస్కు దించి, "బాగా జరిగింది" అన్నాడు. రెండు మాటలు. ఆయన లెక్కలో అది ఉపన్యాసం.

తరవాతి వారం, చిత్రంగా, ఆ ఇంట్లో చాలా ఏళ్ళకి వచ్చిన మంచి వారం. సిస్టరమ్మ సెలవు పెట్టింది. కూతురి ముక్కు మీద తెల్లటి కట్టు, దాని మీద అడ్డంగా టేపు. కళ్ళ కింద ముదురు ఊదా రంగు మచ్చలు. దిండ్లు ఎత్తుగా పెట్టి, తల పైకి ఉండేలా పడుకోబెట్టి, చల్లటి గుడ్డ బుగ్గల మీద అద్దుతూ, మెత్తటి అన్నం చెంచాతో తినిపించింది. "దొంగతనానికి వెళ్ళి దొరికిపోయినదానిలా ఉన్నావే" అని ఆటపట్టించింది. నవ్వించకు, లాగుతోంది అని కూతురు గునిసింది.

ఆ వారమంతా సిస్టరమ్మ కూతురి మొహాన్ని చూసింది. చూస్తున్నానని తనకే తెలియకుండా చూసింది. కట్టు కింద ఏముందో కనబడదు కనుక కళ్ళు దించుకోవాల్సిన అవసరం రాలేదు. ఎడమ కనుబొమ్మ పక్కన చిన్న పుట్టుమచ్చ ఉందని, నవ్వితే కింది పెదవి ఒక పక్కకి వెళ్తుందని, పిల్ల కళ్ళు అచ్చం వాళ్ళ అమ్మమ్మ కళ్ళని, కొత్తగా కనిపెట్టినట్టు కనిపెట్టింది. కూతురు కూడా కళ్ళార్పకుండా తల్లినే చూసేది. ఏమిటే అలా చూస్తావంటే, ఏమీ లేదులే అనేది. మొహం ఉబ్బిపోయి ఉన్నా ఏదో వెలుగు ఉండేది ఆ పిల్లలో. సిస్టరమ్మ అది కొత్త ముక్కు మీద ఆశ అనుకుంది.

ఎనిమిదో రోజు కట్టు విప్పడానికి ఆస్పత్రికి వెళ్ళారు. కట్లు విప్పే పని ఎప్పుడూ సిస్టరమ్మదే. టేపు అంచుల్ని తడిపి, నానబెట్టి, పైనుంచి కిందికి ఒక్కొక్క పట్టీ లాగకుండా తీస్తుంది. ఆవేళ కూడా అలాగే తీసింది. కట్టు చేతిలోకి ఊడి వచ్చింది. తడిగుడ్డతో ముక్కు పక్కల జిగురు తుడిచింది. డాక్టరు గారు వచ్చి, అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి చూసి, "ఊఁ. చక్కగా ఉంది" అని వెళ్ళిపోయాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. వాపున్నా తెలుస్తూనే ఉంది, చక్కటి ముక్కు. తిన్నగా, సాఫీగా, ఎవరి మొహం మీదయినా ఉండదగ్గ ముక్కు. సిస్టరమ్మ అద్దం అందించింది.

కూతురు అద్దం తీసుకుని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

"ముందు నువ్వు చూడమ్మా."

"చూశాను కదే. బాగుంది. ఇంకా వాపుంది, ఇప్పుడే..."

"వాపు సంగతి నాకు తెలుసులే. నన్ను చూడు. ఇప్పుడు ఫరవాలేదా?"

"ఫరవాలేదా అంటే?"

"ఇప్పుడు నాన్న కనబడట్లేదు కదా" అంది కూతురు. సంతోషంగానే అంది. "ఇక నా మొహం చూసి మాట్లాడొచ్చు నువ్వు."

సిస్టరమ్మ చేతిలో కట్టు ఇంకా అలాగే ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టబోయి బల్ల మీద పెట్టింది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీ కోసమన్నావు కదే. నేను అడిగాను. నీ కోసమేనని చెప్పావు."

"నీ కోసమంటే సంతకం పెట్టేదానివా? ఆరు నెలలు ఆగి రమ్మనేదానివి. నాకు తెలియదా ఏంటి?"

"ఎవరు చెప్పారే నీకు, నేను నీ మొహం చూడలేనని?"

"ఒకళ్ళు చెప్పాలా అమ్మా? పదిహేనేళ్ళు నా చెవులతో మాట్లాడావు. నువ్వు ఆయన్ని ఎంత అసహ్యించుకుంటావో నాకు తెలుసు. నేను ఏమీ అనుకోలేదు. ఆయన చేసిన పని అలాంటిది. నా మొహం మీద ఆయన్ని పెట్టుకుని తిరిగితే నీకు మాత్రం ఎలా ఉంటుంది? ఈ వారం రోజులూ కట్టు ఉందని ఎంత చక్కగా చూశావో. అప్పుడే అనుకున్నాను, మంచి పని చేశానని."

వరండాలో ఎవరో ఫైలు కోసం కేకేశారు. సిస్టరమ్మ లేవలేదు. ఆమెకి చాలా అలసటగా ఉంది. ఇన్నేళ్ళూ ఎవరెవరికో అన్నీ చెప్పింది, బిళ్ళల పేర్లతో సహా. చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన ఒక్క మాటా మిగిలిపోయింది. ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. చెప్పకుండా ఉండటానికి కూడా ఇక శక్తి లేదు.

"అసహ్యం కాదే అమ్మడూ" అంది.

"మరి?"

"నువ్వు పక్కకి తిరిగి కూర్చుంటే ఆయనే కూర్చున్నట్టుండేది. చూస్తే చూస్తూ ఉండిపోవాలనిపించేది. చెప్పకుండా పోయిన మనిషి మీద ఇన్నేళ్ళ తరవాత కూడా ప్రాణం కొట్టుకుంటోందంటే, ఎంత సిగ్గుచేటు చెప్పు? నా కళ్ళల్లో అది నీకు కనబడిపోతుందని భయం. అందుకే దించేసుకునేదాన్ని. అంతేగానీ నీ ముక్కంటే నాకు... ఇంట్లో ఆయనది ఇంకేదీ మిగల్లేదే. అదొక్కటే ఉంది."

కూతురి చెయ్యి ముక్కు దాకా వెళ్ళి, ముట్టుకోకుండా ఆగి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. అద్దం బోర్లానే ఉంది.

"ముందే చెప్తే ఉంచుకునేదాన్ని కదమ్మా" అంది చివరికి.

కూతురి కళ్ళు నిండి, మచ్చల మీదుగా నీళ్ళు జారాయి. ముక్కుతో ఒక్కసారి గట్టిగా ఎగబీల్చబోయింది.

"వద్దు వద్దు. ముక్కు ఎగబీల్చకు, చీదకు" అంది సిస్టరమ్మ, లేచి నిలబడి. "కొన్ని వారాలపాటు చీదకూడదు. నోరు తెరిచి గాలి పీల్చుకో. నెమ్మదిగా. ఆఁ, అలా."

"చీదన్లే" అంది కూతురు, నోటితో ఊపిరి తీసుకుంటూ.

సిస్టరమ్మ దూది తడిపి పిండి, ఒక చేత్తో ఆ పిల్ల గడ్డం పట్టుకుని, రెండో చేత్తో కన్నీళ్ళు తుడిచింది. తుడుస్తూ ఆ మొహాన్ని తిన్నగా, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసింది. ఆయన ఎక్కడా లేడు.